మగ్గం గుంటలో కాసు

మొన్న ఆదివారం మా తమ్ముడి కొడుకు వంశీ ఒక స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని హనుమకొండలో మా ఇంటికి వచ్చాడు. చేతిలో ఊతకర్రంత పొడుగు కడ్డీ, దాని కింద గుండ్రటి పళ్ళెం, పైన చిన్న తెర. మెటల్ డిటెక్టర్, ఆన్‌లైన్లో తెప్పించాను అన్నాడు. కొత్తవాడలో మా పాత ఇల్లు ఎప్పుడో కూలిపోయి జాగా మాత్రం మిగిలింది. దాన్ని వచ్చే నెల అపార్ట్‌మెంటు కట్టేవాళ్ళకు అప్పగిస్తున్నాం. ఈలోపల ఆ జాగా అంతా ఒకసారి మిషన్ తిప్పి చూడాలని వాడి ఉబలాటం. మేనత్తను కదా, కాగితాల్లో నా సంతకం కూడా ఉంది కదా, ఒక మాట చెప్పి పోదామని వచ్చాడు. అంతవరకు నాకేం బాధ లేదు. పిల్లలకు ఒక ఆటవస్తువు దొరికింది, ఆడుకుంటారు. కానీ చాయ్ తాగుతూ వాడు స్నేహితుడి వైపు తిరిగి, "మా తాతయ్య అప్పట్లనే మిషన్ పెట్టించి బంగారు కాసు తీసిండు, తెల్సా? మా ఇంట్ల అందరికి ఎరుకే" అన్నాడు. నేను సాసరు టేబుల్ మీద ఎంత గట్టిగా పెట్టానో, ఆ స్నేహితుడు పాపం ఉలిక్కిపడ్డాడు.

అందరికీ ఎరుకేనట. ఇంట్లో అందరికీ తెలిసిన అబద్ధాన్ని కదిలించడం ఎంత కష్టమో ఇల్లున్న ప్రతి మనిషికీ తెలుసు. వాడి తప్పేం లేదు, వాడి నాయన చెప్పాడు. వాడి నాయనకు, అంటే మా తమ్ముడికి, అప్పుడు నాలుగేళ్ళు. వాడికి మా నాన్న, మా బాపు, చెప్పాడు. మా బాపు చెప్పిందే కథ, మిగతా వాళ్ళం ఊఁ కొట్టినవాళ్ళం. నాకప్పుడు పదహారేళ్ళు. అన్నీ చూశాను, అన్నిటికీ ఊఁ కొట్టాను. ఇప్పుడు కోపం వచ్చి ఏం లాభం అంటారేమో. లాభం కోసం రాస్తే ఇన్నేళ్ళలో నేను రాసినవేవీ రాయకుండా ఉండాల్సింది.

మాది జంపఖానాలు నేసే ఇల్లు. కొత్తవాడలో ఏ గల్లీలో నడిచినా ఇంటింటి నుంచీ దబ్బుదబ్బుమని ఒకటే చప్పుడు వినిపించేది. అది పంజా చప్పుడు. పంజా అంటే పిడి ఉన్న ఇనుప పనిముట్టు, ముందువైపు దువ్వెనలా పళ్ళుంటాయి, దానితో అడ్డపోగును కిందికి కొట్టి బిగిస్తారు. మా ఇంట్లో ముందు గది అంటే మగ్గం గదే. నేలలో నడుంలోతు గుంట, గుంట అంచు మీద కూర్చుని కాళ్ళు లోపలికి వేలాడేసుకుని నేయాలి. ఎండాకాలం కాళ్ళకు ఆ గుంటలోని చల్లదనం ఎంత హాయిగా ఉండేదో చెప్పలేను. ఇంటి వెనక రంగు కాగు. ఉడుకుతున్న రంగు వాసన, పులిసిన గంజి వాసన, తడి నూలు వాసన, వాటి మధ్య అమ్మ పెట్టే పచ్చిపులుసు పోపు వాసన. ఇవన్నీ కలిసి మా బట్టలకు, జుట్టుకు పట్టేవి. బడిలో నా పక్కన కూర్చునే పిల్ల ముక్కు మూసుకునేది. దాని నాయనది ఎండుమిర్చి దుకాణం, అది ముక్కు మూసుకోవడం నాకు ఇప్పటికీ వింతే.

తెల్లారగానే మా నాయినమ్మ అలుకు చల్లి, ముగ్గు వేసి, మగ్గం గుంట అంచును చేత్తో తాకి కళ్ళకద్దుకునేది. ఆ తర్వాతే ఎవరైనా గుంటలో కాలు పెట్టాలి. ఆమెకు ఇంకో పట్టింపు ఉండేది. అది మా నాయినమ్మదే కాదు, మా తాత నుంచీ, ఆయన నాయన నుంచీ వచ్చింది. పంజా పన్ను విరిగినా, మగ్గం మేకు వంగినా, ఇనుప సామానువాడికి వేయకూడదు. అన్నం పెట్టిన ఇనుమును తూకానికి అమ్ముతారా అని ఆమె వాదం. విరిగినవన్నీ ఒక డబ్బాలో దాచి, దసరా నాడు ఆ ముక్కలకు పసుపుకుంకాలు పెట్టి, మగ్గం గుంట అడుగున చిన్న గొయ్యి తీసి పూడ్చేది. ప్రతి దసరాకూ ఇదే తంతు. మూడు తరాల పంజా పళ్ళు, మేకులు, విరిగిన కదురు ముక్కలు ఆ గుంట కింద ఉన్నాయన్నమాట. ఇది ఇంట్లో అందరికీ నిజంగానే తెలుసు. సమయానికి ఒక్కరికీ గుర్తు రాలేదు.

ఆ గుంటలో ఎక్కువసేపు కూర్చునేది మా చిన్నమ్మ. పేరు సుగుణ. బాపు తమ్ముడి, అంటే మా కాక, భార్య. బాపు నూలు కోసం, బేరాల కోసం బజారుకు తిరిగేవాడు, కాక రంగులు అద్దేవాడు, అమ్మ కండెలు చుట్టేది. నేత మాత్రం చిన్నమ్మదే. పాతికేళ్ళు కూడా ఉండవు ఆమెకు. రఘునాథపల్లి వ్యవసాయం చేసుకునే ఊరే అయినా, అక్కడున్న ఒక సాలోళ్ళ ఇంటి నుంచి వచ్చింది, మగ్గం ఆమెకు కొత్త కాదు. కొత్త డిజైనుకు కాగితం మీద గీసుకునేది కాదు, వేళ్ళతోనే లెక్క పెట్టుకునేది. నాకు పంజా పట్టడం నేర్పింది ఆమే. నా పనికి ఆమె పెట్టే పెద్ద వంక, పోగు వదులుగా పోయిందని. విప్పించి మళ్ళీ నేయించేది. తిట్టేది కాదు, పక్కన కూర్చుని మొత్తం విప్పేదాకా చూసేది. తిడితేనే నయం అనిపించేది నాకు.

ఇక ఆ మిషన్ సంగతి. ఆ ఏడు కోట పక్కన ఎవరో ఇంటి పునాది తవ్వుతుంటే కుండ దొరికిందని, కుండనిండా బంగారు కాసులని ఊరంతా ఒకటే పుకారు. కుండను చూసినవాడు ఒక్కడూ లేడు, చూసినవాణ్ణి చూసినవాళ్ళు మాత్రం ప్రతి చాయ్ హోటల్లోనూ ఉన్నారు. మా బాపు మామూలుగా గట్టి మనిషి. నూలు మోపును చేత్తో ఎత్తి తూకం చెప్పగలిగినవాడు. అలాంటివాడు కూడా కరిగిపోయాడు. మా ఇంటి గోడలో కోట నుంచి ఎప్పుడో తెచ్చిన రాళ్ళు రెండున్నాయి. రాళ్ళు వచ్చిన ఇంటికి ధనం రాదా అని ఆయన తర్కం. హైదరాబాదు నుంచి ఒకతను మిషన్ పట్టుకుని వచ్చాడని, స్టేషన్ దగ్గర లాడ్జిలో దిగాడని తెలిసి వెళ్ళి పిలుచుకొచ్చాడు. చెవులకు పెద్ద డిప్పలు, మెడలో వేలాడే పెట్టె, చేతిలో కడ్డీ, కింద పళ్ళెం. మిలిటరీలో పనిచేశానని చెప్పుకున్నాడు. ఇనుము ఒక రకంగా కూస్తుందనీ, బంగారం ఇంకో రకంగా కూస్తుందనీ, తన చెవికి ఆ తేడా తెలుసనీ అన్నాడు. అమ్మ అతనికి రెండుసార్లు చాయ్ ఇచ్చింది. చెవి అంత గొప్పదైతే రెండోసారి ఇచ్చేటప్పుడు ఇక చాలన్న విసుగు మా అమ్మ గొంతులో వినిపించాలి కదా. వినిపించలేదు.

మా బాపు తెలివి ఇక్కడే బయటపడింది. ముందు నీ మిషన్ నిజమో కాదో చూడాలి, మేం ఒక కాసు దాచిపెడతాం, నువ్వు తీసి చూపించు, తర్వాతే ఇల్లంతా తిప్పుదువు అన్నాడు. అతను సరేనని గల్లీలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క కాసు, నాయినమ్మకు ఆమె తల్లి ఇచ్చింది, దీపావళి నాడు పూజలో పెట్టి మళ్ళీ పెట్టెలో దాచేది. ఆమె వద్దంటూనే, రొండిలో, అంటే నడుం దగ్గర చీర మడతలో, దోపుకున్న తాళంచెవి తీసి పెట్టె తెరిచి ఇచ్చింది. బాపు దాన్ని ఎక్కడ పెట్టాలా అని చూసి చూసి, మెత్తని మట్టి ఉంది, గుర్తు తెలియదు అని మగ్గం గుంటలోకి దిగాడు. చిన్నమ్మ అప్పుడు నేస్తూ ఉంది. అంచు దగ్గర పోగులు లెక్కలో ఉన్నాయి, లేస్తే లెక్క తప్పుతుంది. లేవకుండా కాళ్ళు ఒక పక్కకు జరిపింది. బాపు ఆమె పాదాల పక్కనే జానెడు లోతు తీసి కాసు పెట్టి మట్టి కప్పి పైకి వచ్చాడు. ఊరంతటిలో ఇనుము ఎక్కువున్న గుంటలో, మూడు తరాలు భక్తిగా పూడ్చిపెట్టిన ఇనుము మీద, బంగారం పరీక్ష పెట్టాడు.

మిషన్ గుంటలోకి దించగానే కూత మొదలైంది. ఎడమకు తిప్పితే కూత, కుడికి తిప్పితే కూత, మధ్యలో ఉంచితే ఆగకుండా కూత. అతను డిప్పలు సర్దుకుంటాడు, పెట్టె మీద తడతాడు, మళ్ళీ దించుతాడు. ఇక్కడ అని చూపిస్తే బాపు తవ్వాడు, పంజా పన్ను వచ్చింది. ఇక్కడ అంటే తవ్వాడు, మేకు వచ్చింది. చిన్నమ్మను లేపారు. నిలువు పోగులు, పడుగంతా, కోసి చుట్టి పక్కన పెట్టారు. సగం నేసిన జంపఖానాకు పడుగు కోయడమంటే ఏమిటో నేసేవాళ్ళకు చెప్పక్కర్లేదు. మధ్యాహ్నానికి గడ్డపార వచ్చింది. సాయంత్రానికి గుంట గోడలు జారాయి, మగ్గం గుంజ ఒకటి పక్కకు ఒరిగింది. కాక తట్టలకొద్దీ మట్టి ఎత్తి గల్లీలో గోడవారకు పోశాడు. కాసు మాత్రం లేదు. కొండను తవ్వి ఎలుకను పట్టారని సామెత. మావాళ్ళకు ఎలుక కూడా దక్కలేదు, చేతిలో ఉన్న కాసు కూడా పోయింది.

అప్పుడు ఆ మిషనాయన డిప్పలు తీసి, చెమట తుడుచుకుని, తన మిషన్ అబద్ధం చెప్పదనీ, గుంటలో కాసు లేదు కాబట్టే చూపించడం లేదనీ అన్నాడు. అంతే. ఆ ఒక్క మాటకు ఇల్లంతా చిన్నమ్మ వైపు తిరిగింది. పొద్దున్నుంచీ వంద అబద్ధాలు కూసిన మిషన్‌ను ఎవరూ అనుమానించలేదు, ఏడేళ్ళుగా ఆ గుంటలో కూర్చుని ఇంటిల్లిపాదికీ అన్నం పెడుతున్న మనిషిని అనుమానించారు. కాసు పెట్టినప్పుడు అక్కడ ఉన్నవి ఆమె పాదాలు కదా. పాపం ఆమె తన పాదాల వైపు చూసుకుంది, మట్టి దులుపుకుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు అని మా అమ్మ గొణిగింది. అమ్మ చెడ్డ మనిషి కాదు, నా తల్లి అని చెప్పడం లేదు. కానీ ఆ మాట అన్నది.

అతను ఇంకో ఉపాయం చెప్పాడు. ఆమెను నిలబెట్టి మిషన్ తిప్పి చూద్దామన్నాడు. కాకపోతే ఒంటి మీద వేరే లోహం ఉండకూడదు, పుస్తెలు, మట్టెలు తీయాలన్నాడు. బాపు ఒక్క క్షణం ఆలోచించాడు. ఆలోచించాడు అన్నదే నేను ఆయన్ను క్షమించలేని సంగతి. అంతదాకా మూలన కూర్చున్న నాయినమ్మ లేచింది. "నా చిన్న కొడుకు సచ్చిండా, దాని పుస్తెలు తీయనీకి? ముందు నీ మిషిన్ల ఇనుము తీయ్, తర్వాత సూద్దాం" అంది. అతను తగ్గాడు. మా కాక ఏమన్నాడంటే ఏమీ అనలేదు. గల్లీలో తట్ట పట్టుకుని నిలబడ్డాడు. నోట్లో నాలుక లేని మనిషి అని అందరూ ఆయన్ను మెచ్చుకునేవాళ్ళు. అది మెచ్చుకోవలసిన గుణమని నేను ఆ రోజు నుంచీ నమ్మలేదు.

మిషన్ వద్దంటే మరి ఎలా తెలియాలి అని బాపు పట్టుబట్టాడు. ఆడమనిషిని ఆడమనిషే చూడాలి. అమ్మ చూస్తే తోడికోడళ్ళ పంచాయితీ అవుతుంది. నాయినమ్మ నేను ముట్టనంది. చివరికి నా మీద పడింది. నన్నూ చిన్నమ్మనూ వంటగదిలోకి పంపి తలుపు దగ్గరికి వేశారు. చిన్నమ్మ కొంగు దులిపి చూపించింది. కొప్పు విప్పుకుంది. నేను పైపైన తడిమి, ఏం లేదు అని బయటికి వచ్చి చెప్పాను. ఎంతసేపు? రెండు నిమిషాలు కూడా ఉండదు. ఏం లేదని చెప్పినా ఎవరి ముఖమూ తేటపడలేదు. లేదంటే ఇంకెక్కడో దాచిందని అర్థం చేసుకున్నారు. మనిషి మీద ఒకసారి అనుమానం పడితే, దొరికినా సాక్ష్యమే, దొరక్కపోయినా సాక్ష్యమే.

మర్నాడు పొద్దున నాయినమ్మ ఎవరికీ చెప్పకుండా బజారుకు పోయి ఒక ముసలామెను వెంటబెట్టుకొచ్చింది. కంసాలి దుకాణాల ముందు పొద్దున్నే మట్టి ఊడ్చుకుపోయి, నీళ్ళలో కడిగి, అందులో రాలిన బంగారపు రవ్వలు ఏరుకుని బతికే మనిషి. నడుం వంగిపోయింది, చూపు కూడా అంతంత మాత్రమే. గల్లీలో పోసిన మట్టి కుప్పను చూసి, పిడికెడు తీసి వేళ్ళ మధ్య నలిపి, "ఇండ్ల ఉంటే యాడికి పోతది? నీళ్ళు గావాలె, ఓపిక గావాలె" అంది. ఒక వెడల్పాటి చెక్కతొట్టె, ఒక పళ్ళెం, అంతే ఆమె సరంజామా. మట్టి వేసి, నీళ్ళు పోసి, తొట్టెను చేతులతో ఊపుతూ ఉంటే తేలిక మట్టి పొర్లిపోయేది, బరువున్నది అడుగున మిగిలేది. పంజా పళ్ళు, మేకులు ఒక్కొక్కటే పక్కన పెట్టేది. మా నాయినమ్మ వాటిని ఏరి కొంగులో వేసుకునేది.

ఆ నీళ్ళు ఎవరు మోశారో వంశీకి ఎవరూ చెప్పి ఉండరు. మా గల్లీలో నల్లా లేదు, చేదబావి దూరం. చిన్నమ్మ ఎవరి ముఖమూ చూడకుండా రెండు రోజులు నీళ్ళు మోసింది. బిందె మీద బిందె. నేను సాయానికి వెళ్తే నా చేతిలో బిందె తీసుకుని తనే మోసింది, నాతో మాట్లాడలేదు. కాక వచ్చి బిందె ఎత్తబోతే ఆయనకూ ఇవ్వలేదు. గల్లీ వాళ్ళు మగ్గాలు ఆపి గుమ్మాల్లో నిలబడి చూశారు. రెండో రోజు మధ్యాహ్నం, అన్నాలవేళ, ఆ ముసలామె తొట్టె ఊపడం ఆపి, అడుగున వేలు పెట్టి, కాసు తీసి నాయినమ్మ చేతిలో పెట్టింది. మట్టితో పాటు తట్టలో పోయి గల్లీలో పడింది. రెండు రోజులుగా ఆకాశం కిందే ఉంది. మిషనాయన ఆ కుప్ప పక్కనుంచే పదిసార్లు నడిచాడు, దాని మీద ఒక్కసారి కూడా పళ్ళెం దించలేదు.

ఇక్కడ కథ అయిపోతే నేను ఇంత కోపంగా ఉండేదాన్ని కాదు. కాసు దొరికిందని తెలిసి మిషనాయన పరిగెత్తుకొచ్చాడు. చూశారా, బంగారం ఉందని నా మిషన్ మొదటి నుంచీ చెప్తూనే ఉంది అన్నాడు. మా బాపు తల ఊపాడు. అవును, కూసింది కదా, గుంటలోనే కూసింది కదా, కాసు గుంటలో మట్టిలోదే కదా అన్నాడు. తన తెలివితక్కువతనం ఒప్పుకోవడం కన్నా మిషన్ గొప్పదని ఒప్పుకోవడం ఆయనకు సులువైంది. అతనికి కోడి కోసి అన్నం పెట్టించాడు. పోయేటప్పుడు ఒక జంపఖానా చుట్టి ఇచ్చాడు. అదీ చిన్నమ్మ నేసిందే. ముసలామెకు నాయినమ్మ శేరు బియ్యం, ఒక పాత చీర ఇచ్చింది. బాపు ఆమె వైపు చూడను కూడా లేదు. సొమ్మొకడిది సోకొకడిది అంటారు. ఇక్కడ చాకిరీ ఇద్దరు ఆడవాళ్ళది, పేరు ఒక డబ్బాది. ఆ మర్నాటి నుంచి చాయ్ హోటల్లో బాపు చెప్పడం మొదలుపెట్టాడు, మిషన్ పెట్టించి కాసు తీశానని. పోగొట్టుకున్నది తనే అన్న ముక్క మొదటి వారంలోనే రాలిపోయింది.

ఆ సాయంత్రమే నాయినమ్మ కాసును కడిగి, చిన్నమ్మ చేతిలో పెట్టి, ఇక ఇది నీదే, నీకే ఇస్తున్నాను, మనసులో పెట్టుకోకు అంది. అందరం ఉన్నాం. చిన్నమ్మ దాన్ని గుప్పిట మూయలేదు. ఒరిగిపోయిన మగ్గం గుంజ పక్కన నేల మీద పెట్టింది. "దొర్కింది గాబట్టి ఇస్తానవ్ అత్తమ్మ. దొర్కకపోతే నేను దొంగనే గద" అంది. నెల తిరక్కుండా ఆమె, కాక వేరే గల్లీలో ఒక గది అద్దెకు తీసుకున్నారు. ఆ తర్వాత ఆమె ముప్ఫై ఏళ్ళు ఎవరెవరి షెడ్లలోనో కూలికి నేసింది. మా మగ్గాన్ని బాపు మళ్ళీ నిలబెట్టాడు గానీ, దాని మీద నేత ఎన్నడూ సాపుగా రాలేదు. నేను రెండేళ్ళు కూర్చుని, కాలేజీ వంకతో లేచిపోయాను. ఇప్పుడు వంశీ మిషన్‌కు తెర ఉంది, ఏ లోహమో అంకెల్లో చూపిస్తుందట, కూత వినే చెవి అక్కర్లేదట. మంచిదే. కాని ఇంట్లో వస్తువు కనిపించకపోతే మొదట ఎవరి వైపు చూస్తాం అన్నదాంట్లో ఏ మార్పు వచ్చిందో నాకైతే కనిపించలేదు. మొన్న మా వీధిలో ఎవరి ఉంగరమో పోయిందట, సాయంత్రానికి పనమ్మాయిని నిలబెట్టారు.

వంశీకి ఇదంతా చెప్పాను. వాడు ముఖం చిన్నబుచ్చుకుని, మిషన్ సర్దుకుని వెళ్ళాడు. నా కోపం మాత్రం పోలేదు. మర్నాడు ఆటో మాట్లాడుకుని చిన్నమ్మ ఇంటికి వెళ్ళాను. కాక పోయి నాలుగేళ్ళయింది, ఆమె ఒక్కతే ఉంటోంది. మోకాళ్ళు అరిగిపోయాయి, వేళ్ళు మాత్రం ఇప్పటికీ ఊరికే ఉండవు, కొంగు అంచు పోగులు లాగుతూ ఉంటాయి. ఇంట్లో వాళ్ళు ఆ కథను ఎలా చెప్పుకుంటున్నారో చెప్పాను. ఒక్కొక్కరినీ పేరుపేరునా తిట్టాను. బాపును, అమ్మను, పోయిన కాకను కూడా వదల్లేదు. ఆమె వింటూ కూర్చుంది. నేను రాస్తాను చిన్నమ్మా, ఉన్నదున్నట్టు రాస్తాను అన్నాను. నేనొక్కదాన్నే ఆ రోజు నిన్ను అనుమానించలేదని, పైపైన తడిమి బయటికి వచ్చానని కూడా అన్నాను.

చిన్నమ్మ నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. నేను నేసిన వదులు పోగును విప్పించేటప్పుడు ఎలా చూసేదో అలా చూసింది.

"లేదు బిడ్డా. నువ్వు మంచిగనే ఎతికినవ్. రొండి మడత సుత ఇప్పి సూసినవ్" అంది.